గోడ మీది ఫార్మసిస్టు

మా తాండూరులో పెద్దవాళ్ళు మెడికల్ షాపును ఇప్పటికీ ‘దవా కీ దుకాన్’ అనే అంటారు. డాక్టర్ దగ్గరికి పోవాలంటే ఫీజు కావాలి, ఒక పూట కూలీ వదులుకోవాలి, పేరు రాయించుకొని బెంచీ మీద కూర్చోవాలి. దవా కీ దుకాన్‌కు ఆ తకలీఫ్ ఏదీ లేదు. నాపరాయి పాలిషింగ్ యూనిట్ నుంచి ఇంటికి పోతూ దారిలో ఆగి, “భాయ్, రెండు దినాల సంది బుఖార్, బదనంతా దర్ద్, ఒక సెట్ ఇయ్యి” అంటే చాలు. కౌంటర్ వెనకున్న పిల్లగాడు నాలుగు డబ్బాల్లోంచి నాలుగు స్ట్రిప్పులు తీసి, కత్తెరతో రెండేసి గోళీలు కత్తిరించి, కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. ముప్ఫై రూపాయలో, యాభై రూపాయలో. రసీదు అడిగేవాడు లేడు, ఇచ్చేవాడు లేడు.

ఆ పిల్లగాడి మీద నాకు ఏ దుష్మనీ లేదు. చదువు మధ్యలో ఆగి పనిలో చేరిన మా మొహల్లా పిల్లలే వాళ్ళల్లో చాలామంది. ఏ మందు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకొని చెప్తారు. డాక్టర్ల రాత మనకంటే బాగా చదువుతారు. నా సవాల్ వేరే. ఆ పిల్లగాడి తలకు పైన, గోడకు, అద్దం ఫ్రేములో ఒక సర్టిఫికెట్ వేలాడుతుంటుంది. దాని మీద ఇంకెవరిదో ఫోటో, ఇంకెవరిదో పేరు. ఆ పేరుగలాయన ఎక్కడ?

ఖానూన్ ఏమంటున్నదో ముందు సీదాగా చెప్పుకుందాం. 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టర్ రాసిన నుస్ఖా మీద మందు ఇచ్చే హఖ్ రిజిస్టర్డ్ ఫార్మసిస్టుకే ఉంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని 65వ రూలు అదే మాటను దుకాణదారుకు షరతుగా పెట్టింది. నుస్ఖా మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు చేత్తోనో, ఆయన స్వయంగా పక్కనుండి చూస్తుండగానో ఇవ్వాలి. గోడ మీది ఫోటో చూస్తుండగా అని అందులో ఎక్కడా లేదు. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ఇంకో అడుగు ముందుకేశాయి. ఫార్మసిస్టు తెల్లకోటు వేసుకోవాలి, పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి, మందు ఎట్లా వాడాలో మరీజ్‌కు సమ్‌ఝాయించి చెప్పాలి. 2022 నవంబరులో బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయం మీద గట్టిగా మాట్లాడింది. ఫార్మసిస్టు కానివాళ్ళను మందులు ఇవ్వనిస్తే జనం ఆరోగ్యం ఏమవుతుందని నిలదీసి, హైకోర్టు తేలిగ్గా ముగించిన కేసును మళ్ళీ వినమని వెనక్కి పంపింది.

అంటే కానూన్ల కమీ లేదు. వికారాబాద్‌లో, తాండూరులో, పరిగిలో, కొడంగల్‌లో మీరు ఏ దుకాణం ముందు నిలబడినా ఈ రూల్సన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి. దిగి కౌంటర్ దగ్గరికి రావడమే తరువాయి. సర్టిఫికెట్ కిరాయికి ఇవ్వడం మన దగ్గర ఎవరికీ తెలియని రాజ్ కాదు. డి.ఫార్మసీనో బి.ఫార్మసీనో చేసిన కుర్రవాడు హైదరాబాద్‌లో ఇంకేదో నౌకరీ చేసుకుంటుంటాడు, ఆయన సర్టిఫికెట్ ఇక్కడ గోడ మీద నౌకరీ చేస్తుంటుంది. నెలకింత అని ముట్టుతుంది. తనిఖీ ఉందని ఖబర్ వస్తే ఆ రోజు బస్సెక్కి వస్తాడు.

దీంట్లో నష్టమేముంది, మందు అదే కదా, అనేవాళ్ళు ఉన్నారు. సరే, ఆ ‘సెట్’ను విప్పి చూద్దాం.

బుఖార్‌కు ఒక పారాసెటమాల్. నొప్పులకు ఒక డైక్లోఫెనాకో, అసెక్లోఫెనాకో. కడుపులో మంట రాకుండా ఒక గ్యాస్ గోళీ. ఇంతవరకు ఖైర్ అనుకుందాం. వాటితోపాటు ఒక యాంటీబయాటిక్ ఉంటుంది, రెండు రోజులకు మాత్రమే. ఎందుకంటే సెట్ అంటేనే రెండు రోజులది. ఇంకా ఒక చిన్న తెల్ల గోళీ ఉంటుంది. చాలాసార్లు అది స్టెరాయిడ్. డెక్సామెథసోనో, బీటామెథసోనో. జాదూ అంతా ఆ చిన్న గోళీదే. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి ఒళ్ళు తేలికైపోతుంది, ఆకలి పుడుతుంది, దమ్ము ఆడుతుంది. “ఫలానా దుకాన్‌లో దవా మంచిగ పనిచేస్తది” అని పేరొచ్చేది దాంతోనే. నెలల తరబడి అట్లా మింగితే షుగర్ పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, మొహం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, రోగాలతో కొట్లాడే తాఖత్ తగ్గుతుంది. బీపీ, షుగర్ ఉన్న ముసలివాళ్ళు రోజూ నొప్పి గోళీలు మింగితే కిడ్నీల మీద పడుతుంది. తాండూరులో బండలు మోసేవాళ్ళకు నడుము నొప్పి ఒక రోజు జబ్బు కాదు, అది వాళ్ళ నౌకరీలో భాగం. వాళ్ళకు ఈ సెట్ కూడా అట్లే భాగమైపోయింది.

ఇంకా ఖతర్నాక్ సంగతి దగ్గుది. నాపరాయి కోసేచోట, పాలిష్ చేసేచోట దుమ్ము ఎట్లుంటుందో చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. అక్కడ పనిచేసేవాళ్ళకు ఖాసీ వస్తే అది దుమ్ము వల్లో, బీడీ వల్లో అని అందరూ బేఫికర్‌గా ఉంటారు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలని టీబీ ప్రోగ్రామ్ వాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. దవా కీ దుకాన్‌లో ఏమవుతుంది? ఒక సిరప్, ఒక స్టెరాయిడ్, నాలుగు రోజులకు లెవోఫ్లాక్సాసిన్. ఈ లెవోఫ్లాక్సాసిన్‌కు టీబీ క్రిమి మీద కూడా కొంత అసర్ ఉంది. అందుకే మొండి టీబీకి అదే వాడతారు. నాలుగు రోజులు వేసుకుంటే దగ్గు తగ్గినట్టే ఉంటుంది, రోగం దాక్కుంటుంది, పరీక్షకు కూడా దొరక్కపోవచ్చు. మళ్ళీ తల ఎత్తేసరికి ఆ మందుకు అలవాటు పడి ఉండొచ్చు. ఈలోగా ఇంట్లో పిల్లలు పక్కనే పడుకుంటూ ఉంటారు.

ఇది జరగకూడదనే 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అని ఒక జాబితా అమల్లోకి వచ్చింది. మొదట అందులో 46 మందులు. పెద్ద యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, కొన్ని నిద్ర గోళీలు. వీటిని నుస్ఖా లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు డాక్టర్ పేరు, మరీజ్ పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో ఒక ప్రత్యేక రిజిస్టర్‌లో రాయాలి. ఆ రిజిస్టర్‌ను మూడేళ్ళు దాచాలి. స్ట్రిప్పు మీద ఎర్ర డబ్బాలో హెచ్చరిక ఉంటుంది, ఇంట్లో ఏదైనా ఉంటే తీసి చూడండి. కత్తెరతో కోసిచ్చిన రెండు గోళీల మీద ఆ ఎర్ర డబ్బా ఉండదు. ఎక్స్‌పైరీ తారీఖు ఉండదు, బ్యాచ్ నంబరు ఉండదు.

ఈ జిల్లాలో ఇది ఇంకా బాధగా ఎందుకనిపిస్తుందంటే, వికారాబాద్ పేరు చెప్తే మా అబ్బాజాన్ తరం వాళ్ళకు గుర్తొచ్చేది అనంతగిరి కొండల టీబీ దవాఖానా. దూరదూరాల నుంచి మరీజులను ఇక్కడి గాలికే తీసుకొచ్చేవాళ్ళు. టీబీకి ఇలాజ్ కోసం పేరుపొందిన కొండ పక్క ఊళ్ళలో టీబీని కాగితంలో చుట్టి దాచిపెడుతున్నాం. సర్కారీ దవాఖానాలో పరీక్ష ముఫ్త్, మందులు ముఫ్త్. ఇలాజ్ నడిచినన్ని నెలలు మంచి తిండి కోసం వెయ్యి రూపాయల చొప్పున ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు అది అయిదు వందలు. కౌంటర్ దగ్గర చదువుకున్న ఫార్మసిస్టు ఉంటే అడగాల్సింది ఒక్కటే మాట: “దగ్గు ఎన్ని దినాల సంది?” ఆ ఒక్క సవాల్‌కు ఏ మెషీనూ అక్కర్లేదు.

ఇక దుకాణదారుల వైపు కూడా వినాలి. వినకుండా రాస్తే అది ఇన్‌సాఫ్ కాదు. నాకు తెలిసిన ఒక మాలిక్, ముప్ఫై ఏళ్ళుగా దుకాణం నడుపుతున్నాడు, నన్ను కూర్చోబెట్టి హిసాబ్ చెప్పాడు. “భాయ్‌సాబ్, ధర సర్కార్ కట్టిన మందుల మీద నాకు మిగిలేది పదహారు శాతం. కిరాయి, కరెంటు, పిల్లగాళ్ళ జీతాలు అందులోనే. ఫార్మసిస్టుకు నెలకు పాతికవేలు యాడికెళ్ళి తేవాలె? హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద కంపెనీ దుకాణం పక్కనే పెట్టి ఇరవై శాతం డిస్కౌంట్ ఇస్తది. రాత్రి రెండు గంటలకు తలుపు కొడితే లేచి దవా ఇచ్చేది నేను. ఉధార్ ఇచ్చేది నేను. మా దుకాణాలు బంద్ చేయిస్తే గరీబోడు ఎక్కడికి పోతడు?”

ఇందులో చాలా సచ్ ఉంది. రాత్రి తలుపు తీసే దుకాణదారు ఒక మొహల్లాకు ఎంత ఆసరానో నాకు తెలుసు. పదహారు శాతం మాట కూడా నిజమే, 2013 ధరల ఆర్డర్‌లోనే ఉంది. అయితే ఆ మాలిక్ చెప్పనిది ఒకటుంది. సర్టిఫికెట్ కిరాయికి ఆయన ఇప్పటికే నెలనెలా పైసలు కడుతున్నాడు, రాని మనిషికి. దానికి ఇంకొంత కలిపితే వచ్చే మనిషి దొరుకుతాడు. తెలంగాణలో ఫార్మసీ కాలేజీలకు కరువు లేదు. డి.ఫార్మసీ రెండేళ్ళ చదువు. మన బస్తీ ఆడపిల్లలు ఎందరో అది చదివి ఇంట్లో కూర్చున్నారు, ఎందుకంటే అబ్బా హైదరాబాద్ పంపడు, ఊళ్ళో దుకాణాలు నౌకరీ ఇవ్వవు. మాలిక్ సొంత కొడుకును చదివిస్తే ఇంకా మంచిది. కిరాయి సర్టిఫికెట్ మజ్బూరీ కాదు, ఆదత్. ఆదత్‌కూ మజ్బూరీకీ ఫరఖ్ ఉంది.

మజ్బూరీ మాట వచ్చింది కాబట్టి వికారాబాద్ ఒకసారి దేశం మొత్తానికి ఖబర్ అయిన దినం గుర్తు చేస్తాను. 2021 సెప్టెంబరు 11. అప్పటి కేంద్ర విమానయాన మంత్రి జ్యోతిరాదిత్య సింధియా, అప్పటి రాష్ట్ర మంత్రి కేటీఆర్ వికారాబాద్ వచ్చి ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ ప్రారంభించారు. మందులను, టీకాలను డబ్బాలో పెట్టి డ్రోన్ మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపే తజ్రుబా. ఈ చుట్టుపక్కల 16 కేంద్రాలను ఎంచుకున్నారు. కనుచూపు దాటి పోయే డ్రోన్లతో మందులు పంపి చూడటం దేశంలో ఇక్కడే మొదలు. మాలాంటి జర్నలిస్టులకు అది ఈద్. డబ్బా లోపల చల్లదనం ఎంత ఉండాలి, ఎంతసేపు నిలవాలి అని ఎంత ఎహ్తియాత్ తీసుకున్నారో ఆ రోజు విన్నవాళ్ళందరికీ యాదుంటుంది.

డ్రోన్లు ఎగిరిపోయాయి. కింద నేల మీద మందు ఎట్లా ఉంటుందో చూడండి. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. గడ్డకట్టినా చెడిపోతుంది, వేడెక్కినా చెడిపోతుంది. చెడిపోయిన ఇన్సులిన్ చూడటానికి మంచిదాని లాగే ఉండొచ్చు. మా తాండూరులో మే నెల ఎండ నలభై దాటుతుంది. నేను చూసిన ఒక దుకాణంలో ఫ్రిజ్ ఉంది, అందులో ఇన్సులిన్ పక్కన కూల్‌డ్రింక్ సీసాలు, మాలిక్ ఇంటి పెరుగు గిన్నె ఉన్నాయి. థర్మామీటర్ లేదు. రాత్రి దుకాణం కట్టేటప్పుడు మెయిన్ స్విచ్ బంద్ చేసి పోతారా అని అడిగితే, “కరెంట్ బిల్లు మీరు కడతరా సాబ్?” అన్నాడు పిల్లగాడు, నవ్వుతూ. షుగర్ తగ్గట్లేదని డాక్టర్ మోతాదు పెంచుతూ పోతాడు. ఆ తర్వాత ఎప్పుడో ఒక మంచి సీసా దొరికిందంటే పెంచిన మోతాదుకు షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. గోళీల సంగతీ అంతే. డబ్బా మీద 25 డిగ్రీల లోపు అని రాసి ఉంటుంది, డబ్బా రేకుల కప్పు కింద ఉంటుంది.

మేయార్, అంటే నాణ్యతా ప్రమాణం, అనేసరికి మనం ఫ్యాక్టరీల వైపు చూస్తాం. ఫ్యాక్టరీలో ఎంత మంచిగా తయారైనా చివరి పది అడుగులు ఈ దుకాణంలోనే నడవాలి కదా.

ఆ పది అడుగుల్లో జబాన్ కూడా ఒక అడుగు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. రెండు జబాన్ల మధ్య బతికినవాడికి ఇట్లాంటివి తొందరగా కనబడతాయి. తాండూరు కౌంటర్ ముందు ఒక్క సాయంత్రం నిలబడితే ఉర్దూ, తెలుగు, కన్నడం, లంబాడీ నాలుగూ వినబడతాయి. సేడం, చించోలి నుంచి వచ్చేవాళ్ళు సరే సరి. మందు మీద రాత మాత్రం ఇంగ్లీషు. డాక్టర్ నుస్ఖా మీద ‘బీడీ’ అని రాస్తాడు, అంటే రోజుకు రెండుసార్లు. మా దూరపు చుట్టం ఒకాయన “డాక్టరే బీడీ రాసిండు, నువ్వెవరు వద్దనడానికి” అని బేగంతో తగాదా పెట్టుకున్నాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. 1-0-1 అని రాసింది చూసి నూటొక్కటా అని అడిగిన ముసలమ్మను మాత్రం నేనే చూశాను. అది నవ్వే సంగతి కాదు.

పేర్ల గడబిడ ఇంకా పెద్దది. లోనా అనేది బీపీ ఉన్నవాళ్ళకు అమ్మే తక్కువ సోడియం ఉప్పు. లోనాజెప్ అనేది ఫిట్స్‌కు, నిద్రకు ఇచ్చే మందు. గొలుసుకట్టు రాతలో సగం పేరు మింగేస్తే ఏది ఏదో మీరే చెప్పండి. 2001 మార్చిలో సుప్రీంకోర్టు ముందుకు ఇట్లాంటి తగాదానే వచ్చింది. కాడిలా పేరున్న రెండు కంపెనీల్లో ఒకటి ఇంకోదాని మీద కేసేసింది. ఒకరి మందు ఫాల్సిగో, ఇంకొకరిది ఫాల్సిటాబ్, రెండూ మెదడుకెక్కే మలేరియాకే. కోర్టు అప్పుడు చెప్పిన మాట మన కౌంటర్లకు సరిగ్గా సరిపోతుంది. ఈ దేశంలో అందరికీ ఒక్క జబాన్ లేదు, చాలామందికి ఇంగ్లీషు రాదు, కాబట్టి మందుల పేర్ల విషయంలో మిగతా సామాన్ల కంటే ఎక్కువ సఖ్తీగా ఉండాలి అని. మిఠాయి మారితే నోరు చేదవుతుంది, మందు మారితే జాన్ పోతుంది.

చదువుకున్న ఫార్మసిస్టు ఇక్కడ ఏం చేయగలడో వికారాబాద్‌లో ఒక దుకాణంలో చూశాను. కవర్ మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చాంద్ బొమ్మ గీస్తారు. తిన్నాక వేసుకోవాల్సిన దానికి ఒక పళ్ళెం. మరీజ్‌తో తిరిగి చెప్పిస్తారు: “అమ్మా, ఇప్పుడు నాకు చెప్పు, ఏది ఎప్పుడు ఏస్కుంటవ్?” పట్టేది రెండు నిమిషాలు. వెనక నలుగురు క్యూలో ఉన్నా తొందరపడరు. అక్కడ గోడ మీది ఫోటో, కౌంటర్ దగ్గరి మనిషి ఒక్కరే. రమజాన్‌లో ఆ దుకాణానికి మా వాళ్ళు ఎక్కువ పోవడానికి కారణం కూడా ఇదే. షుగర్ ఉన్నవాళ్ళు రోజా ఉంటే గోళీల వేళలు మారాలి. పొద్దున వేసుకునే గోళీని అలవాటు ప్రకారం సహరీలో మింగి, ఇఫ్తార్ దాకా ఏమీ తినకుండా ఉంటే, అసర్ వేళకు షుగర్ పడిపోయి చెమటలు పట్టి కూలబడతారు. ఆ ఫార్మసిస్టు రమజాన్‌కు పదిహేను రోజుల ముందు నుంచే షుగర్ మందు కొనేవాళ్ళందరినీ అడుగుతారు: “రోజా ఉంటారా? అయితే డాక్టర్‌ను ఒకసారి కలిసి మోతాదు మార్పించుకోండి.” మన మజ్హబ్ కాని మనిషి మన రోజాల హిసాబ్ పెట్టుకొని అడుగుతుంటే దువా దానంతట అదే వస్తుంది.

ఇక నకిలీ మందుల మాట. 2024 మొదట్లో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు హిమాచల్ ప్రదేశ్ అడ్రసుతో, మెగ్ లైఫ్‌సైన్సెస్ అనే పేరుతో అమ్ముతున్న యాంటీబయాటిక్ గోళీలను పట్టుకున్నారు. పరీక్షిస్తే లోపల మందే లేదు. సుద్దపొడి, పిండి. ఆ కంపెనీ కోసం ఆరా తీస్తే అట్లాంటి కంపెనీయే లేదు. ఎవరు కొనుంటారు ఆ గోళీలు? డిస్కౌంట్ ఎక్కువ ఇస్తున్నాడని బిల్లు లేకుండా సరుకు దించుకున్న దుకాణాలు. ఎవరు మింగుంటారు? న్యుమోనియాతో ఉన్న ఎవరి బిడ్డో. సుద్దపొడి ఎవరినీ చంపదు. రోగాన్ని మాత్రం ఆపకుండా దారి వదులుతుంది.

2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో జరిగిందయితే సీదా జహర్. కాంచీపురంలోని శ్రేసన్ ఫార్మా తయారుచేసిన కోల్డ్‌రిఫ్ దగ్గు సిరప్ తాగి ఇరవైకి పైగా పసిపిల్లలు కిడ్నీలు చెడిపోయి చనిపోయారు. సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 48 శాతానికి పైగా తేలింది. ఉండకూడని ఆ పదార్థానికి హద్దు 0.1 శాతం. అక్టోబరులో మన రాష్ట్ర అధికారులు కూడా ఎస్ఆర్-13 అనే బ్యాచ్ ఎవరి దగ్గరున్నా వాడొద్దని హెచ్చరిక ఇచ్చారు. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు సిరప్ ఇవ్వొద్దని, అయిదేళ్ళ లోపు వాళ్ళకు మామూలుగా అక్కర్లేదని కేంద్రం చెప్పింది.

జుల్మ్ ఫ్యాక్టరీది, నేను కాదనను. కౌంటర్ దగ్గరి పిల్లగాడు సీసాను చూసి లోపల ఏముందో చెప్పలేడు. ఏ ఫార్మసిస్టూ చెప్పలేడు. కానీ ఆ హెచ్చరిక వచ్చిన రోజు ఒక్క క్షణం ఆలోచించండి. బ్యాచ్ నంబరు టీవీలో తిరుగుతుంది. దుకాణంలో మిగిలిన సీసాలను వెనక్కి తీసుకుంటారు. ఇప్పటికే అమ్మిన సీసాలు ఎవరి ఇంట్లో, ఏ బిడ్డ తలగడ పక్కన ఉన్నాయి? బిల్లు మీద బ్యాచ్ నంబరు, ఫోన్ నంబరు ఉంటే గంటలో ఫోన్లు చేయొచ్చు. కాగితంలో చుట్టి ఇచ్చినదానికి ఎవరికి ఫోన్ చేస్తారు? మనం బిల్లు అంటే జీఎస్టీ గోల అనుకుంటాం. మందుల దుకాణంలో బిల్లు అంటే మన ఇంటి అడ్రసు, ఆఫత్ వచ్చినప్పుడు వెతుక్కుంటూ రావడానికి.

మన బిరాదరీ వాళ్ళకు ఒక మాట విడిగా. ఇంగ్లీషు మందు గరమ్, మన యునాని నరమ్ అని మన ఇళ్ళల్లో ఒక యఖీన్ ఉంది. యునాని తిబ్ మీద నాకు ఇజ్జత్ ఉంది, చార్మినార్ పక్కన నిజామియా దవాఖానాలో షిఫా పొందినవాళ్ళు మా ఖాన్‌దాన్‌లోనే ఉన్నారు. అయితే యునాని మందు తయారుచేయడానికి లైసెన్సు కావాలి కానీ అమ్మడానికి అక్కర్లేదన్న సంగతి చాలామందికి తెలియదు. కిరాణా దుకాణంలో, దర్గా బయట బండి మీద ఎవరైనా అమ్మొచ్చు. మోకాళ్ళ నొప్పికి ఖాన్‌దానీ నుస్ఖా అని పేరూ అడ్రసూ లేని పొట్లం ఇస్తాడొకడు. రెండు రోజుల్లో మోకాళ్ళు పరుగెత్తితే సంబరపడకండి, షక్ పడండి. అంత జల్దీ పనిచేసే జడీబూటీ ఉంటే లోపల స్టెరాయిడ్ పొడి కలిసి ఉండే అవకాశమే ఎక్కువ. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, తారీఖు లేని డబ్బాను హకీమ్ ఇచ్చినా తీసుకోవద్దు.

ఇదేదో ఫిరంగీ వాళ్ళు నేర్పిన అనుమానం అనుకునేవాళ్ళకు మన తారీఖ్‌నే చూపిస్తాను. పన్నెండో శతాబ్దంలో షామ్ దేశంలో అల్ షైజరీ అనే ఆయన బాజారును కనిపెట్టి చూసే ముహ్‌తసిబ్‌ల కోసం ఒక కితాబ్ రాశాడు. రొట్టెలు కాల్చేవాడి నుంచి కసాయి దాకా ఒక్కొక్క పేషాకు ఒక్కొక్క బాబ్. అందులో మందులు అమ్మే వాళ్ళకు, షర్బత్తు మందులు కాచేవాళ్ళకు కూడా విడిగా బాబ్‌లున్నాయి. ఏ సరుకులో ఏ మిలావట్ చేస్తారో, దాన్ని ఎట్లా కనిపెట్టాలో ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాడు. ముహ్‌తసిబ్ చెప్పి రాకూడదు, అచానక్‌గా వచ్చి చూడాలి. మన డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందు రోజే ఫోన్లు తిరుగుతాయి. ఎనిమిది వందల ఏళ్ళలో తరఖ్ఖీ ఇది.

2016లో కొత్త జిల్లా అయ్యాక వికారాబాద్‌కు చాలా వచ్చాయి. 2023లో సర్కారీ మెడికల్ కాలేజీ వచ్చింది, తాండూరులో జిల్లా దవాఖానా ఉంది. డాక్టర్లు పెరుగుతారు, నుస్ఖాలు పెరుగుతాయి. ఆ నుస్ఖాలన్నీ చివరికి ఈ కౌంటర్ల మీదికే వస్తాయి. అందుకే అడుగుతున్నాను. కేరళలో 2024 జనవరి నుంచి నుస్ఖా లేకుండా యాంటీబయాటిక్ అమ్మే దుకాణాల మీద ‘ఆపరేషన్ అమృత్’ పేరుతో దాడులు చేస్తున్నారు. యాంటీబయాటిక్‌ను నీలం కవర్‌లో పెట్టి ఇమ్మంటున్నారు, చదువు రానివాళ్ళు కూడా అది వేరే రకం దవా అని గుర్తుపట్టేట్టు. మన జిల్లాలో అది చేయడానికి కొత్త కానూన్ అక్కర్లేదు. మెడికల్ షాపుల అసోసియేషన్ వాళ్ళు ఒక మీటింగ్ పెట్టుకుంటే చాలు.

ఆ మీటింగ్ జరిగేదాకా మన చేతిలో ఉన్నవి చేద్దాం. ఖరీదైన పనులేమీ కావు. గోడ మీది ఫోటో చూసి, “ఈ సాబ్ ఉన్నారా? ఎప్పుడొస్తారు?” అని అదబ్‌తో అడగండి. గట్టిగా అరవొద్దు, ఆ పిల్లగాడు కూడా మనవాడే. గోళీలు కత్తిరించేటప్పుడు తారీఖు ఉన్న ముక్క మనకు వచ్చేట్టు అడగండి. బిల్లు అడగండి, ఇరవై రూపాయల మందుకైనా. 2023 ఆగస్టు నుంచి మూడు వందల పెద్ద బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఇంట్లో పిల్లలతో ఫోన్‌లో స్కాన్ చేయించి బ్యాచ్, తారీఖు సరిపోలాయో లేదో చూడండి. అనుమానం వస్తే డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళ ముఫ్త్ నంబరు 1800-599-6969, పని దినాల్లో ఎత్తుతారు.

దుకాణదారులకు నాది ఒకే దర్ఖాస్త్. మీ ఫార్మసిస్టు ఏ గంట నుంచి ఏ గంట దాకా కౌంటర్ దగ్గర ఉంటారో ఒక అట్ట మీద తెలుగులో, ఉర్దూలో రాసి బయట కట్టండి. సాయంత్రం నాలుగు గంటలే ఉంటారంటే నాలుగు గంటలే అని రాయండి. మిగతా వేళల్లో నుస్ఖా మందు ఇవ్వమని చెప్పండి. తాండూరులో అట్లా బోర్డు కట్టే మొదటి దుకాణం ఏదో నాకు తెలియజేయండి, మా ఇంటి మందులు నెలనెలా అక్కడే కొంటాను.